కోచ్‌కీ డైరెక్టర్‌కీ గొడవైతే ఆడే పిల్లల మాట ఎవరు వినాలి?

పోస్ట్ కొంచెం పొడుగే. కానీ హాస్టల్లో ఉండి ఆటలు ఆడినవాళ్లు, ఇప్పుడు ఆడుతున్నవాళ్లు చివరిదాకా చదవాలని మా కోరిక.

మన గురుకులాల్లో, ఆశ్రమ పాఠశాలల్లో, డిగ్రీ కాలేజీల్లో రెండు మాటలు ఎప్పుడూ వినపడుతుంటాయి. ఒకటి, "సార్ కొడితే ఏమైతది, మెడల్ తెస్తున్నడు కదా." రెండోది, "ప్రిన్సిపల్ చెప్పినంక ఇంక మాట్లాడేదేముంది." మొదటిది కోచ్ పక్షం, రెండోది ఆఫీసు పక్షం. పీడీ సార్‌కీ ప్రిన్సిపల్‌కీ పడకపోతే హాస్టల్ మొత్తం ఈ రెండు ముక్కలుగా చీలిపోతుంది. ఎవరి వైపు ఉన్నావని పిల్లల్ని అడుగుతారు. ఆ పిల్లలకు ఏం జరిగిందని మాత్రం ఎవరూ అడగరు. మా అభిప్రాయం ముందే చెప్తున్నాం: ఇలాంటి గొడవల్లో మనం కోచ్ మనుషులమూ కావద్దు, ఆఫీసు మనుషులమూ కావద్దు. పిల్లల మాటకు కాగితం మీద చోటు అడగాలి.

దీనికి అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ నుంచి ఉదాహరణలు తీసుకుంటున్నాం. మన హాస్టళ్లలో జరిగేవి కాగితం ఎక్కవు, రెండు రోజులు గుసగుసలాడుకుని మర్చిపోతాం. అక్కడ మాత్రం విచారణలు జరిగాయి, కోర్టు తీర్పులొచ్చాయి, వీడియో టేపులు బయటపడ్డాయి. కాబట్టి జరిగిందేంటో చూసి మాట్లాడుకోవచ్చు.

ముందు అక్కడి పద్ధతి. అమెరికా యూనివర్సిటీల్లో అథ్లెటిక్ డైరెక్టర్ అని ఒక పదవి ఉంటుంది. అన్ని ఆటల బడ్జెట్, కోచ్‌ల నియామకం, తొలగింపు, నిబంధనలు పాటిస్తున్నారా లేదా అన్న లెక్క అంతా ఆయన చేతిలో ఉంటుంది. ఆయన మీద యూనివర్సిటీ ప్రెసిడెంట్. కోచ్ ఆయన కింద. కాగితం మీద వరస ఇదే. కానీ చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్లందరిలో ఎక్కువ జీతం గవర్నర్‌ది కాదు, యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్‌దో బాస్కెట్‌బాల్ కోచ్‌దో. స్టేడియం ఆయన పేరుతో నిండుతుంది. విరాళాలు ఆయన గెలుపులను చూసి వస్తాయి. అలాంటప్పుడు కింద ఉన్న మనిషి పైనున్న మనిషి మాట ఎందుకు వింటాడు? గొడవ పుట్టేది ఇక్కడే.

ఇండియానా యూనివర్సిటీ సంగతి చూద్దాం. బాబీ నైట్ 1971 నుంచి 2000 దాకా అక్కడ బాస్కెట్‌బాల్ కోచ్. 1976, 1981, 1987లో జాతీయ ఛాంపియన్‌షిప్ తెచ్చాడు. 1976 జట్టు 32 మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ ఓడలేదు. పెద్ద కాలేజీల పురుషుల విభాగంలో మళ్లీ ఇప్పటిదాకా ఏ జట్టూ ఓటమి లేకుండా ఛాంపియన్ కాలేదు. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో అమెరికా జట్టుకు స్వర్ణం తెచ్చిన కోచ్ కూడా ఆయనే. ఇంకో మాట కూడా న్యాయంగా చెప్పాలి. ఆటగాళ్లు చదువు పూర్తి చేయాలని ఆయన పట్టుబట్టేవాడు. యూనివర్సిటీ లైబ్రరీ కోసం డబ్బు కూడబెట్టాడు. ఆటగాళ్లను దొంగదారిలో తెచ్చుకున్నాడన్న మచ్చ ఆయన మీద లేదు. అందుకే ఆయన్ని ప్రేమించినవాళ్లు అంత గట్టిగా ప్రేమించారు.

కానీ ఆయన కోపం కూడా అందరికీ తెలిసిందే. 1985 ఫిబ్రవరిలో పర్డ్యూ జట్టుతో మ్యాచ్ నడుస్తుండగా రిఫరీ మీద కోపంతో కుర్చీ ఎత్తి కోర్టులోకి విసిరాడు. టీవీలో దేశమంతా చూసింది. ఆ కుర్చీ తర్వాత జోకు అయిపోయింది. మేం ఆగి ఆలోచించమనేది ఇక్కడే. పెద్దమనిషి తప్పు ఎప్పుడైతే జోకుగా మారిందో, అప్పుడే దాన్ని ఆపే అధికారం ఆఫీసు చేతిలోంచి జారిపోయింది.

అథ్లెటిక్ డైరెక్టర్ పేరు క్లారెన్స్ డోనింగర్. లాయర్. 1991లో ఆ పదవిలోకి వచ్చాడు. కాగితం ప్రకారం నైట్‌కు పై అధికారి. కానీ 20 ఏళ్లుగా పాతుకుపోయి, మూడు ఛాంపియన్‌షిప్‌లు తెచ్చిన కోచ్ ముందు కొత్తగా వచ్చిన డైరెక్టర్ మాట ఏపాటి? 2000 ఫిబ్రవరిలో ఒహాయో స్టేట్ చేతిలో జట్టు ఓడిన రోజు ఇద్దరికీ తీవ్రమైన వాగ్వాదం జరిగింది. ఓటమి గురించి డైరెక్టర్ అన్న మాటకు కోచ్ మండిపడ్డాడు. ఓదార్పుగా అన్న మాటను కూడా సహించలేని దాకా వచ్చిందంటే, ఆ కుర్చీకి విలువ అప్పటికే పోయిందన్నమాట.

తర్వాత నెలలోనే అసలు విషయం బయటపడింది. నీల్ రీడ్ అనే మాజీ ఆటగాడు, 1997లో ప్రాక్టీసులో కోచ్ తన గొంతు పట్టుకున్నాడని టీవీలో చెప్పాడు. కోచ్ కాదన్నాడు. కొంతమంది పాత ఆటగాళ్లు కూడా కోచ్ వైపే మాట్లాడారు. ఏప్రిల్లో ఆ ప్రాక్టీసు టేపు బయటికొచ్చింది. కోచ్ చేయి ఆ కుర్రవాడి మెడ మీద కనపడింది. మే 15న ప్రెసిడెంట్ మైల్స్ బ్రాండ్ 30 వేల డాలర్ల జరిమానా, మూడు మ్యాచ్‌ల సస్పెన్షన్ ప్రకటించి, ఇక మీదట ఒక్క తప్పు చేసినా ఊరుకోమని హెచ్చరించాడు. సెప్టెంబర్లో దారిలో పేరు పెట్టి పలకరించిన ఒక విద్యార్థి చేయి పట్టుకుని కోచ్ మందలించాడు. సెప్టెంబర్ 10న ఆయన్ని తీసేశారు. ప్రెసిడెంట్ చెప్పిన కారణాల్లో ఆ విద్యార్థి సంగతి ఒక్కటే లేదు. అథ్లెటిక్ విభాగంలో పై అధికారుల వరసను గౌరవించి పని చేయడానికి కోచ్ సిద్ధంగా లేడన్నది కూడా అందులో ఉంది.

ఆ రాత్రి వేలమంది విద్యార్థులు ప్రెసిడెంట్ ఇంటి మీదికి ఊరేగింపుగా వెళ్లారు. దిష్టిబొమ్మ తగలబెట్టారు. కోచ్ ఎవరి చేయి పట్టుకున్నాడో ఆ కుర్రవాడికే బెదిరింపులు వచ్చాయి. ఒక్కసారి ఆలోచించండి. విద్యార్థులే విద్యార్థిని బెదిరించారు! ఎందుకు? గెలుపు తమదనుకున్నారు, దెబ్బ మాత్రం ఇంకెవరిదో అనుకున్నారు. మన హాస్టల్లో కంప్లైంట్ ఇచ్చిన పిల్లను తోటి పిల్లలే "నీ వల్లే సార్‌ను పంపించేశారు" అని వెలివేసినట్టు మాట్లాడటం ఇలాంటిదే. రంగు వేరు, దేశం వేరు, పద్ధతి ఒక్కటే.

ఈ కేసులో డైరెక్టర్ తప్పేమీ లేదా అని కొంతమంది అడగొచ్చు. మా లెక్క ప్రకారం ఆఫీసు తప్పు ఇంకా పెద్దది. 1997లో జరిగింది 2000లో టీవీవాళ్లు చెప్తే గానీ విచారణ కాలేదు. ప్రాక్టీసు హాలులో అంతమంది ఉన్నారు, టేపు ఉంది, డైరెక్టర్ ఉన్నాడు, ప్రెసిడెంట్ ఉన్నాడు. ఆ మూడేళ్లలో రీడ్ యూనివర్సిటీ వదిలిపెట్టి మిసిసిప్పీలో ఇంకో కాలేజీకి వెళ్లిపోయాడు. పోవాల్సి వచ్చింది దెబ్బ తిన్నవాడే. డైరెక్టర్ గౌరవానికి దెబ్బ తగిలిన ఏడాదిలోనే అంతా కదిలింది, పిల్లవాడి మెడ పట్టుకున్న ఏడాది కాదు. ఈ వరసను మనం గుర్తుపెట్టుకోవాలి.

ఇంక "ఆయన పోతే జట్టు పోతుంది" అన్న మాట. నైట్ పోయాక ఆయన దగ్గర అసిస్టెంట్‌గా ఉన్న మైక్ డేవిస్ కోచ్ అయ్యాడు. 2002లో అదే ఇండియానా జాతీయ ఫైనల్ దాకా వెళ్లి మేరీల్యాండ్ చేతిలో ఓడింది. పిల్లలు ఆడారు. బాస్కెట్‌బాల్ ఆగిపోలేదు. నైట్ కూడా టెక్సాస్ టెక్‌లో కోచ్‌గా చేరాడు. అక్కడ డైరెక్టర్ తనను ఏరికోరి తెచ్చుకున్న స్నేహితుడే. అయినా 2004లో ఒక సూపర్ మార్కెట్లో యూనివర్సిటీ ఛాన్సలర్‌తో మాటామాటా పెరిగి అదీ వార్త అయింది. అంటే గొడవ డోనింగర్ ఒక్కడి వల్ల రాలేదని అర్థం.

సరే, దీన్నిబట్టి ఎప్పుడూ ఆఫీసే కరెక్టు, కోచ్ అణిగిమణిగి ఉండాలి అందామా? అస్సలు కాదు. దీనికి పూర్తిగా ఎదురు కేసులు ఉన్నాయి.

అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో రోడరిక్ జాక్సన్ అని ఒక హైస్కూల్ బాలికల బాస్కెట్‌బాల్ కోచ్. కాలేజీ కాదు, స్కూలే. అబ్బాయిల జట్టుకు ఇచ్చినన్ని డబ్బులు, సామాన్లు, సౌకర్యాలు అమ్మాయిల జట్టుకు ఇవ్వట్లేదని పై అధికారులను అడిగాడు. అడిగినందుకు 2001లో ఆయన్ని కోచింగ్ నుంచి తీసేశారు. టీచర్ ఉద్యోగం మాత్రం ఉంచారు. ఆయన కోర్టుకు పోయాడు. కింది కోర్టుల్లో ఓడాడు. చదువులో, ఆటల్లో ఆడా మగా వివక్ష కూడదని 1972లో చేసిన చట్టం అక్కడ ఉంది, దాన్ని టైటిల్ నైన్ అంటారు. వివక్షను ఎత్తిచూపినందుకు కక్ష తీర్చుకోవడం కూడా వివక్షే అని 2005 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో తీర్పు ఇచ్చింది.

కాలిఫోర్నియాలో ఫ్రెస్నో స్టేట్ యూనివర్సిటీ కేసు కూడా ఈ దారిలోదే. మహిళల బాస్కెట్‌బాల్ కోచ్ స్టేసీ జాన్సన్ క్లైన్‌ను 2005లో తీసేశారు. ఆమె ప్రవర్తన బాగాలేదని యూనివర్సిటీ చెప్పింది. మహిళా జట్ల హక్కుల గురించి మాట్లాడినందుకే తీసేశారని ఆమె చెప్పింది. 2007 డిసెంబర్లో జ్యూరీ ఆమెకు కోటీ 91 లక్షల డాలర్లు ఇవ్వాలంది. తర్వాత జడ్జి దాన్ని 66 లక్షలకు తగ్గించాడు. అదే ఏడాది అదే యూనివర్సిటీ వాలీబాల్ కోచ్ లిండీ వీవాస్ కూడా ఇలాంటి కేసులోనే గెలిచింది.

ఇప్పుడు మూడు కేసులూ పక్కపక్కన పెట్టి చూడండి. నైట్ కేసులో కోచ్ మొండితనం పిల్లల మీద పడింది. జాక్సన్ కేసులో కోచ్ మొండితనం పిల్లల కోసం నిలబడింది. పై అధికారి మాట వినలేదన్న నేరం బయటినుంచి చూస్తే ఇద్దరిదీ ఒకటే. కాబట్టి "క్రమశిక్షణ తప్పాడు" అన్న ఒక్క మాటతో మనం ఎవరినీ కొలవలేం. "గెలిపిస్తున్నాడు" అన్న మాటతోనూ కొలవలేం. మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ గొడవ దేని గురించి: ఒక మనిషి పెత్తనం గురించా, పిల్లలకు రావాల్సినదాని గురించా? ఈ గొడవలో నష్టం ఎవరికి జరుగుతోంది? ఆ నష్టపోతున్నవాళ్లను ఎవరైనా విడిగా, భయం లేకుండా అడిగారా?

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం.

మన హాస్టళ్లలో అథ్లెటిక్ డైరెక్టర్ అనే పదవి లేదు. ఆ పని ముక్కలు ముక్కలుగా ప్రిన్సిపల్ దగ్గర, వార్డెన్ దగ్గర, ఐటీడీఏ ఆఫీసు దగ్గర, హైదరాబాద్‌లోనో అమరావతిలోనో కూర్చున్న సొసైటీ దగ్గర ఉంటుంది. కోచ్ చాలాచోట్ల ఔట్‌సోర్సింగ్ మనిషి. నోరు విప్పితే వచ్చే ఏడాది ఉంటాడో లేదో తెలియదు. పీఈటీని మెస్ డ్యూటీకి వేస్తారు, అడ్మిషన్లప్పుడు కంప్యూటర్ ముందు కూర్చోబెడతారు, సాయంత్రం మాత్రం మెడల్స్ ఏవి అని అడుగుతారు. బాస్కెట్‌బాల్ బోర్డు ఉంటే రింగ్ ఉండదు, రింగ్ ఉంటే బంతికి గాలి ఉండదు. ఇవన్నీ అడిగే పీడీ సార్‌ను "ఎదురు మాట్లాడుతున్నాడు" అంటారు. ఇక్కడ ఆ సార్ జాక్సన్ లాంటివాడు. ఆయన వెనక మనం నిలబడాలి.

అదే సమయంలో, వెనకబడిందని స్కిప్పింగ్ తాడుతో కొట్టే సార్ కూడా మనకు తెలుసు. ఎండలో గ్రౌండ్ చుట్టూ పరిగెత్తించి నీళ్లు ఇవ్వని సార్ తెలుసు. "మీ తండా బుద్ధులు", "అడవి మనుషులు" అని జట్టు ముందు తిట్టే సార్ కూడా తెలుసు. ఆయన జిల్లా కప్పు తెచ్చి ఉండొచ్చు. ఇక్కడ ఆయన్ని ఆపే ప్రిన్సిపల్ మేడమ్ వెనక మనం నిలబడాలి. బడిలో పిల్లల్ని శారీరకంగా శిక్షించడం, మానసికంగా వేధించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. గ్రౌండ్ బడి బయట లేదు. ట్రాక్ సూట్ వేసుకున్నంత మాత్రాన ఆ పిల్లకు చట్టం వర్తించకుండా పోదు.

మనకూ అమెరికాకూ ఒక పెద్ద తేడా ఉంది. నీల్ రీడ్‌కు ఇంకో కాలేజీ దొరికింది. మన చెల్లి హాస్టల్ నుంచి బయటికొస్తే ఇంకో కాలేజీ దొరకదు. మిరపతోటలో కూలి దొరుకుతుంది, లేదంటే పెళ్లి సంబంధం దొరుకుతుంది. అమ్మానాన్నలు వచ్చి అడగాలంటే ఒక రోజు కూలి పోవాలి, రెండు బస్సులు మారాలి, గేటు దగ్గర నిలబడాలి. అందుకే మన పిల్లలు సహిస్తారు. ఆ సహనాన్ని చూసి "మా పిల్లలు గట్టివాళ్లు, ఎంత కొట్టినా ఏమనరు" అని గొప్పగా చెప్పుకునేవాళ్లున్నారు. పోయే దారి లేక ఊరుకోవడం వేరు, గట్టిదనం వేరు.

ఇంకోటి, సంతకం. బయటి టోర్నమెంట్‌కు ఎంట్రీ ఫారం మీద ప్రిన్సిపల్ సంతకం, స్టాంపు లేనిదే టీమ్ పోదు. పేర్లు ఇవ్వాల్సింది కోచ్. ఇద్దరికీ పడనప్పుడు పేర్లు ఒక టేబుల్ మీద ఆగుతాయి, సంతకం ఇంకో టేబుల్ మీద ఆగుతుంది. తేదీ దాటిపోతుంది. ఆ సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో సీటో ఉద్యోగమో వచ్చేది. పెద్దవాళ్లకు అది నెల రోజుల అలక. ఆ పిల్లకు మాత్రం మళ్లీ రాని ఏడాది.

కోచ్, అధికారి కలిసి పని చేస్తే ఏమవుతుందో కూడా మనం కళ్లారా చూశాం. 2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన లంబాడా అమ్మాయి, అప్పటికి వయసు 14 కూడా నిండలేదు. ఆమెతోపాటు ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. కొండ ఎక్కడం నేర్పింది శిక్షకుడు శేఖర్ బాబు. గురుకుల సొసైటీ కార్యదర్శిగా దారి తెరిచింది ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్. నేర్పేవాడి పని నేర్పేవాడు చేశాడు, అనుమతులూ డబ్బూ చూసే పని ఆఫీసు చేసింది. ఎక్కింది పిల్లలు. ఎవరి పని ఏంటో స్పష్టంగా ఉంటే మన పిల్లలు ఎక్కడిదాకా పోతారో అందులో తెలిసింది. అయితే మంచి అధికారి వచ్చినప్పుడే మంచి జరగడం సరిపోదు. అధికారి బదిలీ అవుతాడు, పిల్లలు ప్రతి ఏడాదీ కొత్తగా వస్తూనే ఉంటారు. రాసి పెట్టిన పద్ధతి కావాలి.

ఒక్కోసారి కోచ్ చేతిలోనూ స్థానిక ఆఫీసు చేతిలోనూ ఏమీ ఉండదన్నది కూడా నిజం. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం లారెన్స్‌లో హాస్కెల్ ఇండియన్ నేషన్స్ యూనివర్సిటీ ఉంది. 1884లో ఆదివాసీ పిల్లల్ని ఇళ్లనుంచి తెచ్చి వాళ్ల భాష మాన్పించడానికి పెట్టిన బోర్డింగ్ స్కూల్ అది, ఇప్పుడు అక్కడి ఆదివాసీ తెగల విద్యార్థుల యూనివర్సిటీ. 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం సిబ్బందిని తగ్గించినప్పుడు మహిళల బాస్కెట్‌బాల్ కోచ్ ఆడమ్ స్ట్రామ్ ఉద్యోగం పోయింది. సీజన్ మధ్యలో పిల్లల్ని వదలలేక జీతం లేకుండానే కోచింగ్ ఇచ్చాడు. ఎక్కడో రాజధానిలో గీసిన గీత ఆదివాసీ అమ్మాయిల కోర్టు మీద పడింది. బకాయిలు రాక మన ఔట్‌సోర్సింగ్ సార్లు నెలల తరబడి పనిచేయడం చూసినవాళ్లకు ఈ కథ వివరించి చెప్పక్కర్లేదు.

"స్ట్రిక్ట్‌గా లేకపోతే మెడల్స్ రావు" అని కామెంట్లలో కొందరు అంటారని తెలుసు. స్ట్రిక్ట్‌గా ఉండమనే మేమూ అంటున్నాం. అయిదున్నరకు గ్రౌండ్‌లో ఉండాలంటే ఉండాలి. ప్రాక్టీస్ ఎగ్గొడితే టీమ్‌లో చోటు లేదంటే లేదు. అది క్రమశిక్షణ. చేయి ఎత్తడం కోపం. ఈ రెండింటికీ తేడా తెలియని మనిషికి పిల్లల్ని అప్పగించకూడదు, ఎన్ని కప్పులు తెచ్చినా సరే. మంచి కోచ్‌కు దీనివల్ల నష్టం లేదు. పద్ధతి రాసి ఉంటే అడ్డమైన ఆరోపణల నుంచి, ఆఫీసు కక్ష నుంచి కాపాడేదీ అదే.

మేం అడగాలనుకుంటున్నవి నాలుగే.

ఒకటి, సెలెక్షన్ జాబితా, ఎంట్రీ ఫారం చివరి తేదీ నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఎవరి టేబుల్ మీద ఆగిందో అందరికీ కనపడాలి.

రెండు, ఆటల బడ్జెట్ అబ్బాయిలకెంత, అమ్మాయిలకెంత అన్నది ఏడాదికోసారి పేరెంట్స్ మీటింగ్‌లో చదివి వినిపించాలి.

మూడు, కోచ్ మీద ఫిర్యాదు కోచ్‌కూ, ప్రిన్సిపల్ మీద ఫిర్యాదు ప్రిన్సిపల్‌కూ ఇవ్వాల్సిన దుస్థితి పోవాలి. హాస్టల్ బయటి మనిషి, వీలైతే పిల్లల భాష తెలిసిన మహిళ, నెలకోసారి వచ్చి విడిగా మాట్లాడాలి. గోండీలో, కోయలో, గోర్‌బోలీలో చెప్పగలిగిన మాట పిల్లలు తెలుగులో చెప్పలేరు. కాలేజీల్లో లైంగిక వేధింపుల మీద 2013 చట్టం ప్రకారం ఉండాల్సిన అంతర్గత కమిటీలో ఎవరెవరున్నారో గోడ మీద రాయాలి. 18 ఏళ్ల లోపు పిల్లలకు పోక్సో చట్టం ఉందని ప్రతి కోచ్‌కూ, ప్రతి వార్డెన్‌కూ చెప్పాలి.

నాలుగు, ఫిర్యాదు చేసిన పిల్లను, పిల్లల తరఫున మాట్లాడిన కోచ్‌ను కక్షతో తీసేయకూడదు. తీసేస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. జాక్సన్ సుప్రీంకోర్టు దాకా పోయి సాధించింది ఇదే.

మీ హాస్టల్లో వీటిలో ఏవైనా ఇప్పటికే ఉంటే కామెంట్లో రాయండి, మిగతావాళ్లకు పనికొస్తుంది. లేకపోతే ఈ నాలుగు పాయింట్లు తెల్లకాగితం మీద రాసి, పది మంది పూర్వ విద్యార్థులు సంతకాలు పెట్టి, రాబోయే సోమవారం గ్రీవెన్స్‌లో ఐటీడీఏ పీఓ గారికి ఇవ్వండి. రసీదు తప్పకుండా తీసుకోండి. హాస్టల్లో చదువుతున్న పిల్లల పేర్లు మాత్రం కాగితం మీద గానీ, ఇక్కడ కామెంట్లలో గానీ రాయొద్దు. బయటికొచ్చేసిన మనం సంతకం పెట్టొచ్చు. లోపల ఉన్నవాళ్లు రేపు పొద్దున మళ్లీ అదే గ్రౌండ్‌కు వెళ్లాలి.